సాగర్ రెండు గట్ల పిల్లలకు ఒకే వర్చువల్ వరల్డ్: మేం ఎలా ఎంచుకున్నామంటే

నాగార్జునసాగర్ జలాశయానికి కుడి గట్టున, పల్నాడు జిల్లాలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. ఎడమ గట్టున, నల్గొండ జిల్లాలోని ఇంకో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే మాస్టారు ఒకరు హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపులో పరిచయమయ్యారు. రెండు బడుల పిల్లలూ పొద్దున లేస్తే చూసేది ఒకే నీళ్లని. రాష్ట్రాలు వేరు, పాఠ్యపుస్తకాలు వేరు, పండగ సెలవులు కూడా వేరు. ఆ నీళ్ల అడుగున ఉన్న ఊరు మాత్రం ఇద్దరిదీ.

ఆ ఊరు విజయపురి. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని. 1926లో ఈ శిథిలాల సంగతి బయటికి తెలిసింది. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. సాగర్ డ్యామ్ ఖాయమయ్యాక, లోయ మునిగేలోపు చేతనైనంత వెలికి తీయాలని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు సాగాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద మళ్లీ కట్టారు, ఇప్పుడా కొండే ద్వీపం. కొన్నిటిని కుడి గట్టున ఉన్న అనుపుకు తరలించారు. మిగిలిందంతా నీటి కిందే ఉండిపోయింది. మా పిల్లల్లో కొందరి తాతముత్తాతలది ఆ లోయలోని పల్లెలే.

ఆ లోయను రెండు బడుల పిల్లల చేత కంప్యూటర్లో మళ్లీ కట్టించాలన్నది మా ఆలోచన. ఒక బడి కట్టి ఇంకో బడికి చూపించడం మాకు అక్కర్లేదు. వీడియో కాల్‌లో ఒకరు పీపీటీ తిప్పుతుంటే ఇంకొకరు చూడటం మేం అంతకుముందే చేశాం. పది నిమిషాలయ్యేసరికి చూసేవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తారు. ఇక్కడ పిల్ల ఒక ఇటుక పెడితే అవతలి గట్టున ఉన్న పిల్లాడికి అప్పటికప్పుడు కనబడాలి. వాడు దాని మీద ఇంకోటి పెట్టగలగాలి. అందుకు వర్చువల్ వరల్డ్, అంటే చాలామంది ఒకేసారి లోపలికి వెళ్లి తిరగగలిగే కంప్యూటర్ లోకం, కావాలని ఇద్దరం అనుకున్నాం. ఏ వరల్డ్ అన్నది తేలడానికి మాత్రం ఒక టర్మ్ అంతా పట్టింది. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే టీచర్లకు పనికొస్తుందని మేం వెళ్లిన దారి ఇక్కడ రాస్తున్నాను.

ముందు రెండు ల్యాబ్‌ల సంగతి చెప్పాలి, అసలు నిర్ణయమంతా అక్కడే జరిగింది. మా బడికి అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చింది, కంప్యూటర్లు పర్వాలేదు, ఫైబర్ నెట్ ఉంది. వాళ్ల బడిలో ఉన్నవి ఏదో ఆఫీసులో వాడి ఇచ్చేసిన పాత డెస్క్‌టాప్‌లు. ర్యామ్ రెండు జీబీ, గ్రాఫిక్స్ కార్డు లేదు. నెట్ అంటే మాస్టారి ఫోన్ హాట్‌స్పాట్. యూపీఎస్ ఉంది గానీ బ్యాటరీ బలహీనం. కరెంటు పోతే చేస్తున్న పని సేవ్ చేసుకునేంత వ్యవధి ఇస్తుంది, అంతే.

ఇవి రాసుకున్నాక నేనూ ఆయనా ఒక మాట అనుకున్నాం. ఆ ల్యాబ్‌లో అన్నిటికంటే పాత కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల కూడా మా ల్యాబ్ పిల్లలతో సమానంగా కట్టగలగాలి. అలా కుదరని వరల్డ్ ఎంత అందంగా ఉన్నా మాకు వద్దు. ఒక బడి పిల్లలు చకచకా కడుతుంటే ఇంకో బడి పిల్లల తెర ఆగిపోతూ ఉంటే, వాళ్లు మెల్లగా ప్రేక్షకులైపోతారు. అప్పుడు దాన్ని సహకారం అనలేం, ప్రదర్శన అనాలి. సర్కారు బడి పిల్లలకు ప్రేక్షకులుగా ఉండటం కొత్త కాదు. ఈ పనిలోనైనా వాళ్లు ఆ కుర్చీలో కూర్చోకూడదని నాకు గట్టిగా ఉండేది.

ముందు చూసింది ఓపెన్‌సిమ్యులేటర్. దీని వెనక కొంత కథ ఉంది. లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో సెకండ్ లైఫ్ అనే వర్చువల్ వరల్డ్ తెచ్చాక కాలేజీలు, బడులు చాలా అందులోకి వెళ్లాయి. 2007 జనవరిలో ఆ సంస్థ తన వ్యూయర్ (మన కంప్యూటర్లో ఆ లోకాన్ని చూపించే ప్రోగ్రామ్) కోడ్‌ని బయటపెట్టింది. దానితో మాట్లాడగల సర్వర్‌ని, అంటే లోకాన్ని నడిపే ప్రోగ్రామ్‌ని, బయటివాళ్లు సొంతంగా రాయడం మొదలుపెట్టారు, అదే ఓపెన్‌సిమ్యులేటర్, పొట్టిగా ఓపెన్‌సిమ్. 2010 చివర్లో సెకండ్ లైఫ్‌లో విద్యాసంస్థలకిచ్చే సగం రాయితీని తీసేస్తున్నట్టు ప్రకటించేసరికి చాలామంది టీచర్లు సామాన్లు సర్దుకుని ఓపెన్‌సిమ్‌కి వచ్చేశారు. 2013లో రాయితీ మళ్లీ ఇచ్చారు గానీ, నేల మనది కానప్పుడు అద్దె ఎప్పుడైనా పెరగొచ్చని అప్పటికే అందరికీ అర్థమైంది.

ఓపెన్‌సిమ్ నాకు నిజంగా నచ్చింది. ఒక రీజియన్ అంటే 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు. అందులో పెట్టే ప్రతి దిమ్మకూ మీటర్లలో, దశాంశాలతో సహా కొలత ఇవ్వొచ్చు. గుండ్రటి స్తూపాన్ని గుండ్రంగానే కట్టొచ్చు. కట్టిందంతా ఓఏఆర్ అనే ఒకే ఫైల్‌గా దాచుకుని ఇంకో చోట విప్పుకోవచ్చు. చరిత్ర చెప్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మా ల్యాబ్‌లో సర్వర్ పెట్టి, ఫైర్‌స్టార్మ్ వ్యూయర్‌తో మా పిల్లలు లోపలికి వెళ్తే చక్కగా నడిచింది. మాస్టారు వాళ్ల దగ్గర అదే వ్యూయర్ పెట్టి చూశారు. తెర మీద మనిషి రూపం రావడానికే చాలాసేపు పట్టింది, వచ్చాక కదలదు. అవతార్ బట్టలు, జుట్టు, చుట్టూ ఉన్న వస్తువుల తొడుగులు, అన్నీ దిగాలి. రెండు జీబీ ర్యామ్‌కి అది మోయలేని బరువు. ఆయన ఫోన్ చేసి, "మేడమ్, మా పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు" అన్నారు. నాకు ఎంత ఇష్టమైనా అక్కడితో దాన్ని పక్కన పెట్టాం. మంచి కంప్యూటర్లున్న రెండు బడులైతే, ముఖ్యంగా కొలతలతో పని ఉన్నవాళ్లయితే, ఇప్పటికీ నేను ముందు చూడమని చెప్పేది ఓపెన్‌సిమ్‌నే.

తర్వాత అందరూ చెప్పింది మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్, అంటే బ్లాకులు పేర్చే మైన్‌క్రాఫ్ట్ ఆటకు బడుల కోసం చేసిన రూపం. పిల్లలకు పేరు ముందే తెలుసు, యూట్యూబ్‌లో చూసి ఉన్నారు. పాఠాలు సిద్ధంగా ఉంటాయి, టీచర్ చేతిలో నియంత్రణ బాగుంటుంది. కానీ లోపలికి వెళ్లాలంటే ప్రతి పిల్లకీ బడి తరఫున మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి, ఏడాదికింతని లైసెన్సు కట్టాలి. అన్నిటికంటే మాకు అడ్డొచ్చింది వేరే. మామూలుగా ఒక సంస్థ ఖాతాలున్నవాళ్లు ఆ సంస్థలోని వాళ్లతోనే కలవగలిగేలా అమర్చి ఉంటుంది. రెండు రాష్ట్రాల రెండు బడులంటే రెండు సంస్థలు. వాటిని కలపడం పై స్థాయిలో అడ్మిన్లు చేయాల్సిన పని, మా ఇద్దరి చేతిలో లేదు. పైగా మామూలుగా ఆ వరల్డ్ తెరిచినవాళ్ల కంప్యూటర్ మీదే నడుస్తుంది. వాళ్లు మూసేస్తే మిగతావాళ్లంతా బయటే. ఒకే యాజమాన్యం కింద పది బ్రాంచీలున్న బడులకు ఇది బాగా సరిపోతుంది. మాకు కుదరలేదు.

బ్రౌజర్‌లో లింకు నొక్కితే తెరుచుకునే వరల్డ్‌లు కూడా చూశాం. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు కాబట్టి మొదట ఆశ పుట్టింది. వాటిలో నడవొచ్చు, మాట్లాడుకోవచ్చు, బొమ్మలు గోడకు తగిలించొచ్చు. కట్టడం మాత్రం ఎక్కువ భాగం వేరే పనిముట్టులో, విడిగా, ఒక్కరే చేయాలి. ఇంకో భయం కూడా ఉంది. 2018లో మొదలైన మొజిల్లా హబ్స్‌ని 2024 మే 31న మొజిల్లా మూసేసింది. కోడ్ అందరికీ అందుబాటులో ఉండటంతో వేరేవాళ్లు నిలబెట్టుకున్నారు గానీ, ఆ తేదీకి ముందే తమ గదులను దించుకోవాల్సిన పని టీచర్ల మీద పడింది. అంతకుముందు 2023 మార్చి 10న ఆల్ట్‌స్పేస్‌వీఆర్ అనే ఇంకో వర్చువల్ వరల్డ్ మూతపడింది. మా పిల్లల తాతల ఊరు ఒకసారి మునిగింది. వాళ్లు కట్టుకున్న ఊరు ఏదో కంపెనీ నిర్ణయంతో ఇంకోసారి మునగడం నాకు ఇష్టం లేదు.

చివరికి మిగిలింది లువాంటి. 2010 నుంచి మైన్‌టెస్ట్ అనే పేరుతో ఉండేది, 2024 అక్టోబరులో పేరు మార్చుకుంది. మైన్‌క్రాఫ్ట్ లాగే బ్లాకుల లోకం, పూర్తిగా ఉచితం, కోడ్ కూడా అందరిదీ. ఖాతాల గొడవ లేదు. మన సర్వర్ మనమే పెట్టుకుంటాం, అందులో పేరు, పాస్‌వర్డ్ ఉంటే చాలు. మాస్టారు వాళ్ల పాత కంప్యూటర్లన్నిటిలో పాత విండోస్ తీసేసి లుబుంటు అనే తేలికపాటి లినక్స్ వేశారు. చూపు దూరం ఎనభై బ్లాకులకు తగ్గించి, నీళ్ల అలలు, ఆకుల కదలిక లాంటి హంగులు ఆపేస్తే ఆ రెండు జీబీ యంత్రాల మీద కూడా నడిచింది.

ఇక్కడ ఒక సలహా. ఒక కంప్యూటర్లో బాగా నడిచిందని ఏ సాఫ్ట్‌వేర్‌నీ ఒప్పుకోకండి. మేం పెట్టుకున్న పరీక్ష ఏంటంటే, రెండు ల్యాబ్‌ల్లోని కంప్యూటర్లన్నీ ఒకేసారి లోపలికి రావాలి, అందరూ ఒకేచోట గుమిగూడి ఒకేసారి బ్లాకులు పెట్టాలి, స్విచ్ వేసిన దగ్గర్నుంచి పని మొదలయ్యే దాకా పది నిమిషాలు దాటకూడదు. మన పీరియడ్ ఉండేదే నలభై అయిదు నిమిషాలు. అందులో ఇరవై లాగిన్‌కే పోతే పిల్లలకు మిగిలేదేముంది? ఇంకో షరతు కూడా పెట్టాం. అంతవరకు మౌస్ పట్టుకోని పిల్లలు ఆ పరీక్షలో తప్పనిసరిగా ఉండాలి. కంప్యూటర్ అలవాటున్న ఇద్దరు ముగ్గురు చేతికి ఏదిచ్చినా నడిపేస్తారు, వాళ్లని చూసి నిర్ణయం తీసుకుంటే మిగతా క్లాసు వెనకబడుతుంది.

పరీక్షలో బయటపడిన ఒక సమస్య డేటా. లువాంటిలో మొదటిసారి సర్వర్‌లోకి వచ్చినప్పుడు అక్కడున్న బొమ్మలు, శబ్దాలన్నీ ప్రతి కంప్యూటర్‌కీ దిగుతాయి. అన్ని కంప్యూటర్లూ ఒకే హాట్‌స్పాట్ మీద ఒకేసారి దించుకోవడంతో మాస్టారి ఆ రోజు డేటా ఐపోయింది. దీనికి ఉపాయం సులువే. ఒక కంప్యూటర్‌కి దిగాక అవన్నీ చేరిన క్యాష్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌తో మిగతావాటికి కాపీ చేస్తే చాలు. ఆ తర్వాత రోజువారీ పనికి అయ్యే డేటా చాలా తక్కువ. అవసరం లేని మాడ్‌లు (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు) సర్వర్‌లో పెట్టకపోవడం కూడా అలవాటు చేసుకున్నాం.

సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది అసలు పెద్ద చర్చ. మా ల్యాబ్‌లో పెడదామని మా హెచ్‌ఎం గారు అన్నారు, ఖర్చు ఉండదని. రెండు కారణాలతో వద్దనుకున్నాం. మొదటిది సాంకేతికం. మన ఇళ్లకు, బడులకు వచ్చే చాలా కనెక్షన్లకు బయటి నుంచి నేరుగా తట్టగలిగే సొంత ఐపీ అడ్రస్ ఉండదు. నెట్ ఇచ్చే కంపెనీ ఒకే అడ్రస్ వెనక చాలామందిని ఉంచుతుంది. మనం బయటికి వెళ్లగలం గానీ బయటివాళ్లు మన సర్వర్ దాకా రాలేరు. అలాంటి సొంత అడ్రస్‌కి (స్టాటిక్ ఐపీ) విడిగా డబ్బు కట్టాలి, ఫోన్ సిమ్ మీదైతే ఆ మాటే లేదు. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. సర్వర్ మా బడిలో ఉంటే లోకం మాది అవుతుంది, వాళ్లు చుట్టాలవుతారు. మా కరెంటు పోతే వాళ్ల పీరియడ్ పోతుంది. మాకు సెలవైతే వాళ్ల తలుపు మూసుకుంటుంది.

అందుకని మన దేశంలోనే ఉన్న ఒక డేటా సెంటర్‌లో చిన్న వర్చువల్ సర్వర్ అద్దెకు తీసుకున్నాం. ఒక జీబీ ర్యామ్, లినక్స్. పిల్లలు లోపలికి రావడానికి లువాంటికి 30000 నంబరు యూడీపీ పోర్టు అనే ఒక్క తలుపు తెరిస్తే చాలు. అద్దె నెలకు కొన్ని వందల రూపాయలు. రెండు బడుల పూర్వ విద్యార్థులు చెరో సగం వేసుకుంటున్నారు. తాళాలు, అంటే అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, రెండు బడుల దగ్గరా ఉన్నాయి. సాయంత్రం డాబా ఎక్కితే అవతలి గట్టు దీపాలు కనిపిస్తాయి. మా పిల్ల పెట్టిన ఇటుక మాత్రం ఎన్నో మైళ్ల దూరంలోని డేటా సెంటర్ చూసుకుని అక్కడికి చేరుతుంది. చేరడానికి పట్టేది రెప్పపాటు కంటే తక్కువ.

లోకం మొత్తం సర్వర్‌లో ఒక ఫోల్డర్. వారానికోసారి దాని కాపీ రెండు బడులకూ వస్తుంది. నెట్ లేని రోజున ఆ కాపీలో పని చేసుకోవచ్చుగా అని పిల్లలు అడిగారు. చేస్తే రెండు బడుల్లో రెండు వేర్వేరు ఊళ్లు తయారవుతాయి, తర్వాత కలపడం కుదరదు. దానికి వరల్డ్‌ఎడిట్ అనే మాడ్ పనికొచ్చింది. నెట్ లేని రోజు విడిగా ఒక ఖాళీ మైదానంలో ఒక మండపమో, మెట్ల వరుసో కడతారు. ఆ ముక్కను చిన్న ఫైల్‌గా సేవ్ చేస్తారు. వాట్సాప్‌లో పంపేంత చిన్నది. నెట్ వచ్చాక దాన్ని అసలు లోకంలో సరైన చోట దించుతాం. ఎడమ గట్టు పిల్లల పనిలో చాలా భాగం అలా వచ్చిందే.

ఇప్పుడు కొలతల సంగతి, నాకు బాగా ఇష్టమైన భాగం. లువాంటిలో ఒక బ్లాకు అంటే ఒక మీటరని లెక్క. మీటరు బ్లాకులతో కడితే మెట్లు మనిషి నడుము ఎత్తున వస్తాయి, ఆయక వేదికలు (స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చే అరుగులు) దిమ్మల్లా తేలతాయి. ఎంత తగ్గించాలన్నది తేలక వాదించుకుంటుంటే, విజయపురిలోని పెద్ద బౌద్ధ స్తూపం మహాచైత్యం ఇటుక కొలత ఒక అమ్మాయి కంట పడింది. తవ్వకాల నివేదిక ప్రకారం ఆ ఇటుక ఇరవై అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. ఇరవై అంగుళాలంటే యాభై సెంటీమీటర్ల పైచిలుకు. "టీచర్, ఒక బ్లాకుని ఒక ఇటుక పొడవు అనుకుందాం" అంది. అంటే బ్లాకుకి అర మీటరు. అదే ఖాయం చేశాం. ఇక్ష్వాకుల కాలం కూలీ చేతిలో పట్టుకున్న ఇటుక పొడవే మా ఊరికి కొలబద్ద అయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇన్నేళ్ల సర్వీసులో చాలా తక్కువసార్లు కలిగింది.

మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. అర మీటరు బ్లాకుల్లో అరవై అయిదు. బ్లాకులు చదరం, స్తూపం గుండ్రం. ఓపెన్‌సిమ్ అయితే ఒక్క దిమ్మతో ఐపోయేది, ఇక్కడ గ్రాఫ్ కాగితం మీద వృత్తం గీసుకుని ఏ వరుసలో ఎన్ని బ్లాకులో లెక్కేసుకోవాల్సి వచ్చింది. లోపం అనుకున్నదే మంచి లెక్కల పాఠం అయింది. వీరపురుషదత్తుడి కాలంలో అతని మేనత్త చాంతిశ్రీ పూనుకుని కట్టించిన ఈ చైత్యం లోపల ఇటుక గోడలు రథచక్రంలా ఉంటాయి. మధ్యలో చక్రం కుండ లాంటి నడిమి భాగం, దాని నుంచి బయటి వలయానికి చక్రం ఆకుల్లా వెళ్లే గోడలు, ఆ ఆకుల మధ్య మట్టి పూరింపు. పైకి కనిపించని ఈ ఏర్పాటుని పుస్తకంలో బొమ్మగా చూపిస్తే పిల్లలు చూసి పేజీ తిప్పేస్తారు. ఒక్కో ఆకునీ తమ చేత్తో పేర్చినవాళ్లకు అది గుమ్మటం బరువు మోయడానికి ఎందుకు అవసరమో ఎవరూ చెప్పక్కర్లేదు.

చూపు దూరం ఎనభై బ్లాకులే కాబట్టి పాత కంప్యూటర్లలో చైత్యం ఒకవైపు నిలబడితే కాస్త అవతల ఉన్నదంతా మంచులో కలిసిపోతుంది. లోయ మొత్తం ఒక్కసారి చూడాలంటే మా ల్యాబ్ ప్రొజెక్టర్ మీద తెరిచి, ఆ తెరను ఫోన్ వీడియోలో వాళ్లకు చూపిస్తున్నాం. ఇది సమానత్వం కాదని మాస్టారు అంటారు, నిజమే. ర్యామ్ చిప్పులకు దాతల కోసం చూస్తున్నాం.

తెలుగు విషయంలో లువాంటి మమ్మల్ని నిరాశపరిచింది. చాట్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడి చదవలేకుండా వచ్చాయి. ఆటగాళ్ల పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. చాట్‌లో పిల్లలు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. కానీ మేం కట్టిన సింహళ విహారం (అక్కడి ఒక బౌద్ధ విహారం) ముందు బోర్డు ఇంగ్లీషులో ఉండటానికి నేను ఒప్పుకోలేదు. పిల్లలు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేర్లు రాసి బొమ్మలుగా దాచారు. ఆ బొమ్మల్ని పలకలకు అతికించే చిన్న మాడ్‌ని మాస్టారి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు రాశారు. ఇప్పుడు మా ఊళ్లో ప్రతి బోర్డూ తెలుగే. మన లిపిని సరిగా చూపించే పని ఈ సాఫ్ట్‌వేర్‌లోనే జరగాలి, కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టి తెలుగు ఇంజనీర్లు ఎవరైనా పూనుకోవాలని నా కోరిక.

మాట్లాడుకోవడానికి అందులో మైకు ఏర్పాటు లేదు. రెండు ల్యాబ్‌ల్లో టీచర్ బల్ల మీద ఒక్కో ఫోన్, స్పీకర్ ఆన్, అంతే. ఎవరు మాట్లాడాలన్నా లేచి ఫోన్ దగ్గరికి రావాలి. అందువల్ల అరుపులు లేవు, మా ఇద్దరి చెవిన పడని మాటా లేదు.

భద్రత గురించి తల్లిదండ్రులకు చాలా అనుమానాలు ఉంటాయి, ఉండాలి కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మేం అసలు వివరాలే తీసుకోకుండా ఏర్పాటు చేశాం. సర్వర్‌లో పిల్లల అసలు పేర్లు లేవు. తంగేడు, మోదుగ, ఇప్ప, గోరింక, పాలపిట్ట లాంటి పేర్లు పెట్టుకున్నారు. ఏ పేరు ఎవరిదన్నది రెండు బడుల్లో ఒక్కో నోట్‌బుక్‌లో మాత్రమే ఉంది. పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ రాలేరు, బయటి జాబితాల్లో మా సర్వర్ కనిపించదు. చాట్‌లో రాసిన ప్రతి మాటా లాగ్‌లో పడుతుంది, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాం. అయినా తెలుగులో అనుమతి పత్రం రాసి, తల్లిదండ్రుల్ని ల్యాబ్‌కి పిలిచి, లోపల ఏముందో చూపించి సంతకాలు తీసుకున్నాం. "మా పాప ఫోన్ నంబరు ఎవరికైనా తెలుస్తుందా టీచర్?" అని ఒక తల్లి అడిగింది. తెలియదని చెప్పి ఊరుకోకుండా, లాగిన్ పేజీ తెరిచి నంబరు అడిగే చోటే లేదని చూపిస్తే ఆవిడ నెమ్మదించింది.

కట్టడం మొదలయ్యాక మొదటి వారాల్లో మా పిల్లలు ఒకవైపు, వాళ్ల పిల్లలు ఒకవైపు గుంపులుగా ఉండిపోయారు. ఒకే లోకంలో ఉంచినంత మాత్రాన కలవరు. అప్పుడు పనిని పంచే తీరు మార్చాం. ద్వీపానికి మా గట్టు నుంచి లాంచీ ఉంది, అనుపు కూడా మా వైపే. కాబట్టి టేపు పట్టుకుని కొలిచే పని మా పిల్లలది. ఆ కొలతల్ని బ్లాకుల్లోకి మార్చే లెక్క వాళ్ల పిల్లలది. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి అందకపోతే ఒక్క మెట్టు కూడా లేవదు. ఏరియాస్ అనే మాడ్‌తో ఒక్కో స్థలానికి రెండు గట్ల నుంచి ఒక్కొక్కరిని యజమానులుగా పెట్టాం. హారీతి గుడికి తంగేడు, పాలపిట్ట. రంగస్థలానికి ఇప్ప, గోరింక. ఇక ఫోన్ దగ్గర క్యూ మొదలైంది. "మీరు చెప్పిన కొలతలో అడుగులా, మీటర్లా?" అని అవతలి నుంచి ప్రశ్న, ఇటు నుంచి నోట్‌బుక్ తిరగేసే చప్పుడు. మాస్టారికీ నాకూ కావాల్సింది అదే.

ఒకసారి ఒక ఆయక వేదికను ఎవరో రాత్రికి రాత్రి కూల్చేశారు. ఏ బ్లాకుని ఎవరు తీశారో రాసి ఉంచే సౌకర్యం లువాంటిలో ఉంది, మామూలుగా ఆపి ఉంటుంది, మేం మొదటి రోజే ఆన్ చేసి పెట్టాం. పేరు తెలిసింది. కూల్చిన పనిని వెనక్కి తిప్పే ఆదేశం కూడా ఉంది, నిమిషంలో ఐపోయేది. కానీ తిప్పలేదు. ఆ పిల్లాడినే అవతలి గట్టు జోడీతో కలిపి మళ్లీ కట్టమన్నాం. కట్టాక వాడు ఆ వేదికకు కాపలాదారు అయ్యాడు. ఈ రికార్డింగ్ ఆన్‌లో ఉంటే సర్వర్ కొంచెం నెమ్మదిస్తుంది, అయినా పిల్లలతో పని చేసేవాళ్లు ఆపొద్దు.

ఇంటి దగ్గర ఫోన్లలోంచి కూడా లోపలికి రావొచ్చా అని పిల్లలు ఇప్పుడు అడుగుతున్నారు. ఆండ్రాయిడ్ మీద లువాంటి నడుస్తుంది, సాంకేతికంగా అడ్డు లేదు. ఇంట్లో ఫోన్ ఉన్న పిల్లలు రాత్రంతా కట్టేస్తే, లేని పిల్లలు పొద్దున వచ్చి చూసేవాళ్లుగా మిగులుతారు. అందుకే బడి వేళల బయట సర్వర్ మూసే ఉంచుతున్నాం. ఆ రాత్రి కూల్చివేత జరిగాక మాస్టారు దానికి టైమర్ కూడా పెట్టారు.

వేసవిలో అద్దె ఆపేసి, లోకం ఫోల్డర్‌ని రెండు బడుల్లోనూ, ఇద్దరి ఇళ్లల్లోనూ దాస్తాం. జూన్‌లో మళ్లీ ఎక్కిస్తాం. ఇప్పుడు కడుతున్న తొమ్మిదో తరగతి వాళ్లు అప్పటికి పదిలోకి వెళ్తారు, పరీక్షల టెన్షన్ మొదలవుతుంది. కాబట్టి ఎనిమిదో తరగతి వాళ్లకు అడ్మిన్ పనులు, మాడ్‌లు, బ్యాకప్ నేర్పించే బాధ్యత వాళ్లకే అప్పగించాం. నాలుగు పేజీల నోట్స్ తయారవుతోంది. మొదటి రెండు పేజీలు కుడి గట్టు పిల్లలు రాశారు, మిగతా రెండు ఎడమ గట్టు నుంచి రావాలి.